మాజీ సైనికుడైన మా బడి హెడ్మాస్టారి మీద సంస్మరణ సంచిక: వివరాలు ఎక్కడ దొరుకుతాయి, ఏం సరిచూసుకోవాలి?

కాలవగట్టు:

అందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చాలాకాలం హెడ్మాస్టరుగా చేసిన మాస్టారు ఈమధ్యే కాలం చేశారు. 81 ఏళ్ళు. బడికి రాకముందు 15 ఏళ్ళు మిలిటరీలో ఉన్నారు. 1963లో చేరి 1978లో వచ్చేశారు. సిగ్నల్స్‌లో (సైన్యంలో వైర్‌లెస్, టెలిఫోన్లు నడిపే దళం) హవల్దారు. 1985లో టీచరుగా చేరి 2002లో రిటైరయ్యారు.

సంవత్సరీకం నాటికి పాత విద్యార్థులం కలిసి ఓ సంచిక తేవాలని, బడిలోనే సభ పెట్టాలని అనుకున్నాం. 500 కాపీలు. చిక్కులు ఇవీ:

ఇంట్లోవాళ్ళు "రెండు యుద్ధాల్లో పోరాడారు, సేనా మెడల్ వచ్చింది" అంటున్నారు. ట్రంకు పెట్టెలో పతకాలు ఐదున్నాయి. డిశ్చార్జి బుక్‌లో వాటి పేర్లు రాసున్నాయి: రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, సైన్య సేవ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 9 ఏళ్ళ లాంగ్ సర్వీస్ మెడల్. ఇందులో యుద్ధానివి ఏవి?

బడి సర్వీసు తేదీలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. ఎక్కడ చూడాలి?

ఇప్పటికి 14 వ్యాసాలు వచ్చాయి. పద్నాలుగింటిలోనూ "క్రమశిక్షణకు మారుపేరు" తప్ప ఇంకో ముక్క లేదు. ఏం చెయ్యాలి?

సభలో ఫొటోకి జాతీయ జెండా కప్పుదామని కొందరు, సెంటర్లో విగ్రహం పెడదామని కొందరు. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

నాయిబ్‌సాబ్:

ముందు మెడల్స్ సంగతి. మీరు రాసిన ఐదింటిలో సేనా మెడల్ లేదు. సైన్య సేవ మెడల్ వేరు, సేనా మెడల్ వేరు. రెండోది శౌర్యానికో, విశిష్టమైన పనికో ఇచ్చేది. అది వస్తే గెజిట్‌లో పడుతుంది, పేరు చివర ఆ అక్షరాలు రాసుకునే హక్కు ఉంటుంది. మొదటిది కష్టమైన ప్రాంతాల్లో నిర్ణీత కాలం పనిచేసినవాళ్ళందరికీ ఇచ్చేది. పేర్లు దగ్గరగా ఉండటంతో మాజీ సైనికుల ఇళ్ళలో ఈ పొరపాటు మామూలే. ఎవరూ అబద్ధం చెప్పరు, పెట్టెలో ఉన్నదాన్ని చూసి అలా అనుకుంటారు. అచ్చులో మాత్రం పడనివ్వకండి. సభకు వచ్చిన మాజీ సైనికుల్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు ఇంట్లోవాళ్ళే చిన్నబోతారు.

ఇక యుద్ధాలు. 1965కి సంబంధించి రెండున్నాయి. యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకి సమర్ సేవా స్టార్. ఆ కాలంలో సైన్యంలో ఉన్నవాళ్ళకి, వాళ్ళు ఎక్కడ ఉన్నా సరే, రక్షా మెడల్. 1971కీ అదే పద్ధతి: రంగంలో ఉంటే తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్, సర్వీసులో ఉన్నవాళ్ళకి సంగ్రామ్ మెడల్. మీ మాస్టారికి స్టార్లు ఒక్కటీ లేవు, మెడల్స్ రెండూ ఉన్నాయి. అంటే రెండు యుద్ధాలప్పుడూ ఆయన సైన్యంలో ఉన్నారు. అంతవరకే రాయండి. "పోరాడారు" అని రాయడానికి ఈ కాగితం చాలదు. అలాగని చిన్నతనం ఏమీ లేదు. యుద్ధమప్పుడు వెనక ఉండి లైన్లు, సెట్లు నడిపేవాళ్ళు లేకపోతే ముందున్నవాళ్ళకి మాట అందదు. సిగ్నల్స్ పనే అది.

25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్ళకి ఇచ్చింది. 9 ఏళ్ళది పేరులోనే ఉంది.

ఇప్పుడు సైన్య సేవ మెడల్‌ని చేతిలోకి తీసుకోండి. రిబ్బను మీద అడ్డంగా చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాన్ని క్లాస్ప్ అంటాం. దాని మీద జమ్మూ కాశ్మీర్, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్), హిమాలయ, బెంగాల్-అస్సాం ఇలా ప్రాంతం పేరు ఉంటుంది. ఆయన ఎక్కడ పనిచేశారో చెప్పే గట్టి ఆధారం అదే. తర్వాత పతకం అంచు చూడండి, ముఖం కాదు, రూపాయి బిళ్ళకి గాట్లు ఉండే చోటు. అక్కడ నంబరు, ర్యాంకు, పేరు, దళం కొట్టి ఉంటాయి. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతుర్లో పట్టుకుని భూతద్దంతో చూస్తే చదవొచ్చు. డిశ్చార్జి బుక్‌లోని నంబరుతో సరిపోవాలి. ర్యాంకు మాత్రం తేడా ఉండొచ్చు. పతకం ఇచ్చేనాటికి ఆయన సిగ్నల్‌మన్ (సిగ్నల్స్‌లో మొదటి ర్యాంకు) అయితే అదే ఉంటుంది, హవల్దార్ అని ఉండదు.

దయచేసి చింతపండుతోనో పీతాంబరితోనో తోమకండి. మెరుస్తాయి, నిజమే. అంచు మీద అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు. రిబ్బన్లు ఉతకొద్దు, రంగు దిగుతుంది. రిబ్బను చిరిగిపోతే కొత్తది వేయించి, పాతదాన్ని కవర్లో పెట్టి ఇంట్లోవాళ్ళకే ఇవ్వండి.

కాగితాల విషయానికి వస్తే, డిశ్చార్జి బుక్ తర్వాత పనికొచ్చేది మిలిటరీ పెన్షన్ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు). ప్రయాగరాజ్ (పాత అలహాబాదు)లోని రక్షణ శాఖ పెన్షన్ల కార్యాలయం, పీసీడీఏ పెన్షన్స్ నుంచి వస్తుంది. చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ఆఖరి ర్యాంకు, లెక్కకు వచ్చిన సర్వీసు అన్నీ అందులో ఉంటాయి. అమ్మగారికి (మాస్టారి భార్యకి) ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే కాగితం ఇంట్లోనే ఉంటుంది. ఇంకా వివరం కావాలంటే రికార్డ్ ఆఫీసుకి రాయాలి. సిగ్నల్స్‌ది జబల్పూరు. (ఈ చర్చ చదివే ఇతరుల కోసం: మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్ గ్రూపుది బెంగళూరు, ఆర్టిలరీది నాసిక్ రోడ్, సైన్యం యంత్రాలు బాగుచేసే ఈఎంఈది సికింద్రాబాద్, మెడికల్ కోర్‌ది లక్నో.) ఉత్తరం మీరు రాయకండి. అమ్మగారో, కొడుకో కూతురో రాయాలి. నంబరు, ర్యాంకు, పేరు పైన పెట్టి, మరణ ధ్రువపత్రం, సంబంధం చూపే కాగితం నకళ్ళు జతచేసి, "ఏ ఏ యూనిట్లలో, ఏ కాలంలో" అని ఒక్క ప్రశ్న అడగమనండి. బయటివాళ్ళు సమాచార హక్కు కింద పెడితే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. జవాబుకి నెలలు పట్టొచ్చు కాబట్టి ఈ వారమే పంపించండి. ఈలోగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు అక్కడిదే కనుక పేరు నమోదై ఉంటుంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని పిలుచుకునే జిల్లా మీది. పాత సిగ్నల్స్ వాళ్ళు ఒకరిద్దరు దొరక్కపోరు.

ఒక హెచ్చరిక. ఆర్మీ కాగితాల్లో పేరు వేరుగా ఉండొచ్చు. ఇంటిపేరు ఎగిరిపోవచ్చు, లేదా ఇంటిపేరే పేరైపోవచ్చు. భర్తీ చేసుకున్న గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న రోజులవి. వెంకటేశ్వర్లు కాస్తా బెంకటేశ్వర్ అయినా కంగారుపడకండి. నంబరు ఒకటే అయితే మనిషీ ఒకరే.

---

పాతరికార్డు:

నాయిబ్‌సాబ్ గారు మిలిటరీ వైపు చెప్పారు కనుక నేను బడి వైపు చెబుతాను.

ప్రాథమిక పాఠశాల టీచరు సర్వీసు రిజిస్టరు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఉండేది. రిటైరయ్యాక పెన్షన్ ఫైలుతో కదిలి ఉంటుంది కాబట్టి అది దొరకడం అదృష్టం మీద ఆధారం. దానికన్నా సులువు, ఇంట్లో ఉన్న నకళ్ళు: నియామక ఉత్తర్వు, బదిలీ ఉత్తర్వులు, టీచరు పెన్షన్ పీపీఓ. ఆయనకి రెండు పెన్షన్లు, రెండు పీపీఓలు ఉంటాయి, కలిపేసుకోకండి.

తేదీలు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పడానికి కారణం ఉండి ఉంటుంది. 1985 అంటున్నారు. ఒకవేళ 398 రూపాయల స్పెషల్ టీచరుగా (నెలకి అంత జీతం మీద తీసుకున్న తాత్కాలిక టీచరుగా) చేరి ఉంటే ఆ చేరిన తేదీ ఒకటి, రెగ్యులర్ అయిన తేదీ ఇంకొకటి. అలాగే "హెడ్మాస్టరు" అన్న మాట. చిన్న ప్రాథమిక బడుల్లో సీనియర్ సెకండరీ గ్రేడ్ టీచరే ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు. ఎల్‌ఎఫ్‌ఎల్ (లో ఫిమేల్ లిటరసీ) హెడ్మాస్టరు అంటే అది ప్రమోషన్ పోస్టు, దానికి విడిగా ఉత్తర్వు ఉంటుంది. ఊరికి ఇద్దరూ హెడ్మాస్టర్లే, మనం కూడా అలాగే పిలుస్తాం. కాలక్రమ పట్టికలో మాత్రం ఏది ఏదో రాయండి. బడి పేరు కూడా చూసుకోండి. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి, అంతకుముందు అది సమితి పాఠశాల. 1985 నాటి కాగితం మీద పంచాయతీ సమితి అని ఉంటే అది వేరే బడి కాదు.

ఇక అసలు నిధి బడిలోనే ఉంది. అడ్మిషన్ రిజిస్టరు. ఇప్పటి హెడ్మాస్టరు గారికి పాత విద్యార్థుల తరఫున ఓ అర్జీ ఇచ్చి, ఏదైనా శనివారం సాయంత్రం బడిలోనే కూర్చుని చూడండి. రిజిస్టరు బయటికి ఇవ్వరు, ఇవ్వమని అడగొద్దు కూడా. బడి ఎక్కడైనా విలీనమై ఉంటే రిజిస్టర్లు కలిసిన బడికి వెళ్ళి ఉంటాయి, అక్కడ అడగాలి.

అందులో ఏం చూడాలంటే: 1975 నుంచి 2002 దాకా ఏటా ఒకటో తరగతిలో ఎంతమంది చేరారు, వాళ్ళలో ఐదు పూర్తయి టీసీ తీసుకున్నవాళ్ళు ఎందరు, అందులో ఆడపిల్లలు ఎందరు. చేరిన తేదీ, తరగతి, వెళ్ళిన తేదీ, టీసీ నంబరు వరసగా గడుల్లో ఉంటాయి. ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోతే ఒక పూట పని. మాస్టారు రాకముందు పదేళ్ళు, వచ్చాక పదేళ్ళు పక్కపక్కన వేసి చూడండి. ఐదో తరగతి దాకా నిలిచిన ఆడపిల్లల గడిలో అంకె పెరిగితే, పద్నాలుగు వ్యాసాలూ చెప్పలేని మాట ఆ ఒక్క పట్టిక చెబుతుంది. పెరగకపోతే పట్టిక వెయ్యకండి, వ్యాసాల్లో పెరిగిందనీ రాయకండి. రెండు జాగ్రత్తలు. నాట్ల కాలంలో, కోతల్లో పేర్లు కొట్టేసి మళ్ళీ చేర్చుకునేవాళ్ళు కనుక ఒకే పిల్ల రెండు అడ్మిషన్ నంబర్ల మీద ఉండొచ్చు, తండ్రి పేరు చూసి ఒకటిగానే లెక్కించండి. రెండోది, ఆ పేజీల్లో కులం గడి ఉంటుంది. పేజీ ఫొటో తీసి సంచికలో వేసేస్తారేమో, పొరపాటున కూడా వద్దు. అంకెలు మాత్రమే.

తర్వాత చూడాల్సింది విజిట్ బుక్. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ఆ రోజు హాజరు ఎంత, నల్లబల్లలు ఎన్ని, పిల్లలు ఎక్కాలు ఎంతవరకు చెప్పారు అన్నీ రాసి సంతకం పెట్టేవాడు. పొగడ్త ఉంటే ఒక పేరా యథాతథంగా తీసుకోండి, ఆక్షేపణ ఉన్నా ఒకటి తీసుకోండి. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు (ప్రాథమిక బడులకి సామాను ఇచ్చిన కేంద్ర పథకం) కింద వచ్చిన సామాను స్టాకు రిజిస్టరులో ఉంటుంది. 1989 తర్వాత ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) వచ్చింది. పిల్లల బొమ్మలు, రాతలు దండేనికి వేలాడగట్టిన తరగతి గది గుర్తున్న విద్యార్థులుంటే అది ఆ కాలమే.

తరచు జరిగే తప్పు ఒకటి చెబుతాను. "మాస్టారు దగ్గరుండి మధ్యాహ్న భోజనం వండించేవారు" అని ఎవరో ఒకరు రాసే ఉంటారు. వండి పెట్టడం మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి. ఆయన 2002లో రిటైరయ్యారు. 1995 తర్వాత ఉన్నది 80 శాతం హాజరుకి నెలకి 3 కిలోల బియ్యం. ఆ బియ్యం పంచిన రోజును జ్ఞాపకం అలా మార్చేసుకుని ఉంటుంది. వ్యాసం రాసినవాళ్ళకి ఫోన్ చేసి మర్యాదగా అడగండి, వాళ్ళే దిద్దుకుంటారు.

---

కాలవగట్టు:

నాయిబ్‌సాబ్ గారూ, పాతరికార్డు గారూ, చాలా సంతోషం. క్లాస్ప్ మీద హిందీలో జమ్మూ కాశ్మీర్ అని ఉంది. అంచు మీద సిగ్నల్‌మన్ అని ఉంది, నంబరు సరిపోయింది. మీరన్నట్టు మధ్యాహ్న భోజనం రెండు వ్యాసాల్లో ఉంది!

వ్యాసాల సంగతి, అచ్చు సంగతి ఇంకా మిగిలాయి. ఇంకోటి: ఆర్మీ కాగితాల్లో పుట్టిన తేదీ ఒకటి, టీచరు కాగితాల్లో ఇంకొకటి ఉంది. పది నెలల తేడా. ఏది వెయ్యాలి?

---

పాతరికార్డు:

ఇంట్లో జాతకమో, పుట్టిన నక్షత్రమో ఉంటే దానితో పోల్చండి. లేకపోతే రెండిట్లో ఏదీ అసలు తేదీ కాకపోవచ్చు. ఆ తరంలో బడిలో వేసినప్పుడు హెడ్మాస్టరే వయసు చూసి జూన్ 1 అనో జూలై 1 అనో రాసేవారు. మీ మాస్టారు కూడా ఎంతమందికి అలా పుట్టినరోజులు పెట్టారో! సంచికలో "1944" అని సంవత్సరం మాత్రం వేస్తే సరిపోతుంది. సంవత్సరమే తేడా వస్తుంటే "రికార్డుల ప్రకారం" అని ఒక మాట చేర్చండి.

వ్యాసాల గురించి. "మాస్టారి గురించి నాలుగు మాటలు రాయండి" అని అడిగితే వచ్చేవి నాలుగు విశేషణాలే. ప్రశ్న మార్చండి. రాయమనొద్దు, ఎదురుగా కూర్చుని మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసుకోండి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఫ్యాను ఆపాలి, రికార్డు చేసే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, మొదట పేరు, చదివిన సంవత్సరాలు చెప్పించాలి. అడగాల్సినవి ఇలా ఉండాలి: ఆయన బడికి వచ్చేది ఎన్నింటికి, సైకిలు ఎక్కడ ఆనించేవారు? మొదటి గంట ఎవరు కొట్టేవాళ్ళు? ఆలస్యంగా వస్తే ఏం జరిగేది? ప్రార్థన తర్వాత డ్రిల్లు ఉండేదా, సావధాన్ విశ్రామ్ అని హిందీలో చెప్పేవారా, తెలుగులోనా? మిలిటరీ సంగతులు పిల్లలకి చెప్పేవారా, అసలు ఎత్తేవారే కాదా? మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చారా, ఎందుకు? ఆ ఆఖరి ప్రశ్నకే అసలు విషయాలు బయటపడతాయి. బడి మానేసిన పిల్లల ఇళ్ళకి వెళ్ళిన టీచర్ల సంగతి తలుపు తీసినవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి విద్యార్థులనే కాదు, వాళ్ళ అమ్మల్ని అడగండి.

సంవత్సరాలు గుర్తుండవు. గుర్తుండే రోజులతో ముడిపెట్టి అడగాలి. 1986 ఆగస్టు గోదావరి వరదకి ముందా తర్వాతా? 1990 మే తుపానుకి బడి పైకప్పు ఏమైంది? 1991 పుష్కరాలప్పుడు ఏ క్లాసు? వినాయకుడు పాలు తాగాడన్న రోజు (1995 సెప్టెంబరు 21) బడి నడిచిందా? ఎన్టీఆర్ పోయినప్పుడు, అంటే 1996 జనవరిలో, ఐదో క్లాసా ఆరో క్లాసా? 1996 నవంబరు తుపాను? వీటితో ఏడాది తేడాలోపు పట్టుకోవచ్చు.

బెత్తం విషయం తప్పకుండా వస్తుంది. 1980ల బడిలో దెబ్బ లేదని రాస్తే ఎవరూ నమ్మరు. "ఆ దెబ్బల వల్లే ఇంతవాళ్ళమయ్యాం" అన్న వాక్యాలు మాత్రం తీసేయమని నా సలహా. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది, మీ సంచిక ఆ బడి గదుల్లోనే పంచుతారు. ఉన్నదున్నట్టు ఒక వాక్యంలో చెప్పి ముందుకు పొండి.

---

కంపోజర్:

అచ్చు సంగతి నేను చెబుతాను. 500 కాపీలంటే ఆఫ్‌సెట్‌కే వెళ్ళండి, వంద లోపైతే డిజిటల్. 1/8 డెమ్మీ సైజు, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. పేజీలు 16 చొప్పున ఒక ఫారం. 64 పేజీలకి నాలుగు ఫారాలు, దాని మీద కవరు నాలుగు పేజీలు. 66 పేజీలు వచ్చిందనుకోండి, రెండు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం వెయ్యాలి, డబ్బు దండగ. ముందే 64కి కుదించండి. లోపల 80 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత) మ్యాప్‌లితో, అంటే మెరుపు లేని మామూలు కాగితం, కవరు 250 లేదా 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. 64 పేజీలకి మధ్యలో పిన్ను చాలు. ఆ పైన 96, 112 అయితే గమ్ బైండింగ్. ఫొటోలన్నీ కథనాల మధ్య ఇరికించొద్దు, మ్యాప్‌లితో మీద నలుపు పీల్చుకుని ముఖాలు మసకబారతాయి. మధ్యలో 8 పేజీలు ఆర్ట్ పేపరు పెట్టించి అన్నీ అక్కడ వేస్తే సుఖం. అప్పుడు లోపలి పేజీల లెక్క 56 మ్యాప్‌లితో, 8 ఆర్ట్ అవుతుంది, ప్రెస్సులో ముందే చెప్పాలి.

పేజీకి పన్నెండున్నర పాయింట్ల అక్షరంతో రమారమి 230, 250 మాటలు పడతాయి. 14 వ్యాసాల్నీ తలా 350 మాటలకి కుదిస్తే, శీర్షికలతో కలిపి 24, 26 పేజీలు. మిగతాది మిలిటరీ, బడి కాలక్రమాలకి, పట్టికకి, ఇంట్లోవాళ్ళ మాటకి.

ఫాంటు దగ్గరే కొంపలు మునుగుతాయి. మీకు వ్యాసాలు వాట్సాప్‌లో యూనికోడ్‌లో వస్తాయి. మన ప్రెస్సుల్లో ఎక్కువమంది ఇంకా పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్ల మీదే ఉన్నారు. పేజ్‌మేకర్‌కి తెలుగు యూనికోడ్ ఎక్కదు, అనులోకి మార్చాలి. మార్చేటప్పుడు పొల్లు తర్వాత అక్షరం కలవకుండా టైపు చేసిన చోట్ల (హెడ్‌మాస్టర్, సిగ్నల్‌మన్ లాంటివి) చెత్త వస్తుంది. సున్నా బదులు అంకె సున్న కొట్టిన మాటలు చూపుకి బాగానే ఉంటాయి, మార్చాక చెడతాయి. ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్ళు దొరికితే వాళ్ళకే ఇవ్వండి. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేశారో లేదో అడగండి, చెయ్యకపోతే ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. ప్రూఫు రెండుసార్లు, రెండోసారి కంప్యూటర్ మీద కాదు, కాగితం మీద. మొదట మనుషుల పేర్లు, తర్వాత అంకెలు, ఆఖర్న మిగతాది. సంచికలో ఎవరి పేరు తప్పు పడినా ఆ ఇంట్లోవాళ్ళకి ఇంక వేరే పేజీ కనపడదు.

పాత ఫొటోలు ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే పనికిరావు. స్కానర్ మీద 600 డీపీఐ. రెండంగుళాల వెడల్పు పాస్‌పోర్టు ఫొటో 600లో స్కాన్ చేస్తే 1200 పిక్సెళ్ళు వస్తాయి, అచ్చులో 300 చొప్పున నాలుగంగుళాలు వెయ్యొచ్చు. అంతకు మించి సాగదీస్తే ముఖం పగులుతుంది. వాట్సాప్ తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపించండి, ఫొటోగా కాదు. ఫ్రేములోని ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా కిటికీ పక్కన పెట్టి, లైట్లు ఆపి, నల్ల చొక్కా వేసుకుని నిటారుగా పైనుంచి తియ్యండి. మీ తెల్లచొక్కానే అద్దంలో పడేది. గ్రూప్ ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ నొక్కు ముందువైపుకి తేలుతుంది. రంగులు వేసే, ముఖాన్ని నున్నగా చేసే యాప్‌ల జోలికి వెళ్ళొద్దు. యూనిఫారం మీద రిబ్బన్ల రంగులు ఆ యాప్‌లు సొంతంగా కల్పిస్తాయి, నాయిబ్‌సాబ్ గారు పైన చెప్పిన లెక్కంతా తారుమారు అవుతుంది.

---

చెరుకుతోట:

మాజీ సైనికుడు కదా, ఫొటోకి జెండా కప్పితే తప్పేముంది? మిలిటరీ వాళ్ళకి కప్పుతారుగా. విగ్రహం కూడా పెట్టండి, సెంటర్లో అయితే నలుగురికీ కనపడుతుంది.

---

నాయిబ్‌సాబ్:

చెరుకుతోట గారూ, ఆ కప్పేది అంత్యక్రియల్లో, అదీ రాజ్య లాంఛనాలతోనో సైనిక, అర్ధసైనిక లాంఛనాలతోనో జరిగేవాటిలో. 2002 ఫ్లాగ్ కోడ్‌లో ఆ ఒక్క మినహాయింపే ఉంది. సభలో ఫొటోకి కప్పకూడదు, టేబులు మీద పరవకూడదు, విగ్రహమో చిత్రపటమో ఆవిష్కరించేటప్పుడు తెరగా కట్టకూడదు. తెరకి మామూలు తెల్లగుడ్డ చాలు. వేదిక మీద జెండా పెట్టాలనుకుంటే సభ వైపు తిరిగి మాట్లాడేవాళ్ళ కుడిచేతి వైపు కర్రకి కట్టి నిలబెట్టండి. బడి జెండాని సగానికి దించడం కూడా మనంతట మనం చెయ్యకూడదు, ప్రభుత్వం చెబితేనే.

పతకాలు కొడుక్కో మనవడికో గుచ్చి వేదిక ఎక్కించొద్దు. చెక్క ఫ్రేములో, అడుగున మఖ్మల్ గుడ్డ వేసి, రిబ్బన్లు పైకి ఉండేట్టు వరసగా అమర్చి పెట్టండి. ఒక్కోదాని కింద పేరు, దేనికి ఇస్తారో తెలుగులో ఒక వాక్యం. వచ్చినవాళ్ళు అక్కడే ఎక్కువసేపు నిలబడతారు, చూడండి. జిగురు వాడొద్దు, దారంతో కుట్టించండి.

---

పాతరికార్డు:

విగ్రహం సంగతి: రోడ్ల మీద, కూడళ్ళలో, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. సెంటర్లో పెడితే ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు వెడల్పులో గుడ్డ కప్పి పక్కన పడేస్తారు. బడి ఆవరణలో పెట్టాలన్నా విద్యాశాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. అసలు ఆ డబ్బుతో ఏటా బహుమతి పెట్టడం మేలు అని నా అభిప్రాయం.

లక్ష రూపాయలు ఫిక్స్‌డ్‌లో వేస్తే, వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే ఏడాదికి 6,500. అందులో 5,000 ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లలకి పుస్తకాలు, సంచులు. 1,500 మళ్ళీ అసలులో కలపాలి, లేకపోతే పదేళ్ళకి ఆ బహుమతి విలువ బాగా పడిపోతుంది. మొదటి మార్కుకి కాదు, హాజరుకి ఇవ్వండి. ఆయన 80 శాతం హాజరు చూసి బియ్యం పంచిన మనిషి కదా.

డబ్బు హెడ్మాస్టరు పేరుమీదో, యాజమాన్య కమిటీ ఖాతాలోనో వెయ్యకండి. హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు, కమిటీ మారుతుంది, నాలుగేళ్ళకి డిపాజిట్ రసీదు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు పాత విద్యార్థులు కలిసి సంఘం పెట్టుకోవచ్చు. ఆ సంఘం పేర డిపాజిట్, ఇద్దరి సంతకాలతో ఖాతా. ఏడుగురిలో కనీసం ముగ్గురు ఊళ్ళోనే ఉండేవాళ్ళు కావాలి. హైదరాబాదులో, అమెరికాలో ఉన్నవాళ్ళే ఏడుగురూ అయితే రెన్యువల్ నాడు సంతకం పెట్టే దిక్కుండదు.

---

కాలవగట్టు:

జబల్పూరుకి అమ్మగారి చేత ఉత్తరం రాయించాం, రేపు స్పీడ్ పోస్టులో వెళ్తుంది. శనివారం బడిలో కూర్చుంటున్నాం, ఇద్దరం. సెంటర్లో విగ్రహం మాట మానేశాం. కంపోజర్ గారూ, రికార్డ్ ఆఫీసు జవాబు సంవత్సరీకం లోపు రాకపోతే ఆ పేజీ ఏం చెయ్యాలి?

---

కంపోజర్:

మిలిటరీ భాగాన్ని ఆఖరి ఫారంలో పెట్టించండి. మిగతా ఫారాలు ముందే అచ్చయిపోతాయి, ఆ ఒక్కటీ చివరి వారం దాకా ఆపొచ్చు. అప్పటికీ రాకపోతే డిశ్చార్జి బుక్, పీపీఓ, క్లాస్ప్ చెప్పినంతవరకే వేసి, 500లో ఒక యాభై కాపీలు పిన్ను కొట్టకుండా ఉంచమనండి. జవాబు వచ్చాక నాలుగు పేజీల ముక్క అచ్చేసి వాటిలో కలిపి కుట్టిస్తే ఇంట్లోవాళ్ళకి, బడికి, గ్రంథాలయానికి పూర్తి ప్రతి ఉంటుంది.